మీ ఎంపీ పార్లమెంటులో ఏం చేస్తున్నారు: ఓటు రికార్డు వెతకడం నుంచి ఉత్తరానికి జవాబు రాబట్టడం దాకా

2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో పాసైంది. తెలుగువాళ్ల జీవితాలను అంతగా మార్చిన బిల్లు మన కాలంలో మరొకటి లేదు. ఏ ఎంపీ దానికి అనుకూలంగా ఓటేశారు, ఏ ఎంపీ వ్యతిరేకించారు అని పేరుపేరునా జాబితా కావాలంటే మాత్రం పార్లమెంటు రికార్డుల్లో దొరకదు. బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. అవుననేవాళ్లు అవునన్నారు, కాదనేవాళ్లు కాదన్నారు, స్పీకర్ మీరా కుమార్ బిల్లు ఆమోదం పొందినట్టు ప్రకటించారు. ఆ సమయంలో టీవీ ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది.

"మా ఎంపీ ఎలా ఓటేస్తున్నారో చూద్దాం" అని మొదలుపెట్టినవాళ్లకి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. చాలామంది ఇక్కడే విసిగిపోయి, హాజరు శాతం ఒక్కటి చూసి ఊరుకుంటారు. అలా వదిలెయ్యక్కర్లేదు. పార్లమెంటులో ఓటు ఎక్కువగా పార్టీది. ప్రశ్న, ప్రసంగం, కమిటీ పని, మనకి రాసే జవాబు మాత్రం ఎంపీవి. ఏది ఎక్కడ దొరుకుతుందో, దొరికినదాన్ని ఎలా చదవాలో, దొరకనిదాన్ని ఎంపీ చేతే ఎలా రాయించుకోవాలో వరసగా చెబుతాను.

1. ముందు ఎంపీ హోదా తేల్చుకోండి

మీకు ఎంపీ అంటే ఒక్కరే కాదు. మీ నియోజకవర్గం నుంచి గెలిచిన లోక్‌సభ సభ్యులు ఒకరు, మీ రాష్ట్రం నుంచి ఎన్నికైన రాజ్యసభ సభ్యులందరూ. ఆంధ్రప్రదేశ్‌కి లోక్‌సభలో 25 సీట్లు, రాజ్యసభలో 11. తెలంగాణకి 17, 7. రాజ్యసభ సభ్యులకి ఎవరూ ఉత్తరాలు రాయరు. వాళ్లను ఎన్నుకునేది ఎమ్మెల్యేలే అయినా వాళ్లు ప్రాతినిధ్యం వహించేది రాష్ట్రానికి. రాష్ట్రమంతటికీ సంబంధించిన విషయమైతే వాళ్లకీ రాయండి.

తర్వాత చూడాల్సింది మీ ఎంపీ కేంద్రమంత్రా, కాదా అన్నది. మంత్రులు సభలో ప్రశ్నలు అడగరు, జవాబులు చెబుతారు. హాజరు పట్టీలో సంతకం కూడా పెట్టరు. కింజరాపు రామ్మోహన్ నాయుడు, కిషన్ రెడ్డి, బండి సంజయ్ లాంటి వాళ్ల పేరు మీద ప్రశ్నల సంఖ్య సున్నా అని కనిపిస్తే, అది బద్ధకం వల్ల కాదు, పదవి వల్ల. ఎంపీల పోలికల పోస్టులు షేర్ చేసేముందు ఈ ఒక్క విషయం చూసుకుంటే సగం అపార్థాలు తగ్గుతాయి. మంత్రి అయిన ఎంపీని బేరీజు వెయ్యాలంటే ఆయన శాఖ ఇచ్చిన జవాబులు చదవాలి.

2. ఓటు: రికార్డు ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు ఉండదు

సభలో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే పాసవుతాయి. సభాపతి ప్రకటించిన ఫలితాన్ని ఎవరైనా సభ్యుడు సవాలు చేసి డివిజన్ అడిగినప్పుడే లెక్కపెట్టి ఓటింగ్ జరుగుతుంది, పేర్లు నమోదవుతాయి. అప్పుడు లాబీలు ఖాళీ చేయిస్తారు, మూడున్నర నిమిషాల పాటు గంట మోగుతుంది, తలుపులు మూస్తారు. సభ్యులు తమ సీటు దగ్గర మీట నొక్కుతారు: అవునుకి ఆకుపచ్చ, కాదుకి ఎరుపు, తటస్థానికి పసుపు. మెషీన్ సరిగా పనిచెయ్యనివాళ్లూ, తప్పు మీట నొక్కినవాళ్లూ చీటీ రాసిస్తారు.

రాజ్యాంగ సవరణ బిల్లయితే డివిజన్ తప్పదు. 368వ అధికరణ ప్రకారం మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు అనుకూలంగా ఉన్నారని తేలాలి కాబట్టి లెక్కపెట్టి తీరాలి. అందుకే మీ ఎంపీ ఓటు రికార్డు వెతకడం మొదలుపెట్టేటప్పుడు ముందు రాజ్యాంగ సవరణలు పట్టుకోండి. ఆ తర్వాత వివాదం రేగిన బిల్లులు, లెక్క తేలాలని ఎవరో ఒకరు పట్టుబట్టిన తీర్మానాలు. 2018 జూలై 20న టీడీపీ ఎంపీ కేశినేని శ్రీనివాస్ పెట్టిన అవిశ్వాస తీర్మానం మీద డివిజన్ జరిగింది, ఎవరెటు ఓటేశారో పేర్లు నమోదయ్యాయి. 2023 ఆగస్టులో వచ్చిన అవిశ్వాస తీర్మానం మాత్రం మూజువాణి ఓటుతో వీగిపోయింది. దానికి పేర్ల జాబితా లేదు. తీర్మానం ఎంత పెద్దదైనా డివిజన్ జరగకపోతే రికార్డు ఉండదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

వెతికే పద్ధతి ఇది. బిల్లు పాసైన తేదీ ముందు పట్టుకోండి. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సైటులో ప్రతి బిల్లుకీ ఒక పేజీ ఉంటుంది, ఏ సభలో ఎప్పుడు ప్రవేశపెట్టారు, ఎప్పుడు పాసైంది అన్నది అక్కడ తెలుస్తుంది. ఆ తేదీతో పార్లమెంటు వెబ్‌సైటు డిజిటల్ సంసద్‌లో ఆ సభ చర్చల పాఠం తెరవండి. డివిజన్ జరిగి ఉంటే అనుకూలం, వ్యతిరేకం, తటస్థం అన్న మూడు జాబితాలు ఆ పాఠంలోనే ఉంటాయి. జాబితా ఇంగ్లిషు అక్షరక్రమంలో ఉంటుంది, మన ఇంటిపేర్ల కింద కాకుండా చాలాసార్లు పేరు చివరి భాగం కింద ఉంటుంది. అంటే రెడ్డి, నాయుడు, రావు అని వెతకాలి. ఇంటిపేరు పెట్టి వెతికి దొరకలేదని "మా ఎంపీ ఓటే వెయ్యలేదు" అనేస్తే ఆయనకి అన్యాయం చేసినట్టే.

ఇంకో జాగ్రత్త. సభలో అప్పటికప్పుడు చెప్పే అంకె సరిచూసుకోవాల్సిన అంకె. 2024 డిసెంబర్ 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టడం మీద లోక్‌సభలో డివిజన్ జరిగింది. బోర్డు మీద మొదట కనిపించింది 220–149. చీటీలు కూడా కలిపాక 269–198 అయింది. టీవీ స్క్రోలింగ్‌లో వచ్చిన మొదటి అంకెతో వాదనలు మొదలుపెట్టకుండా, సరిచేసిన పాఠం వచ్చేదాకా ఆగండి.

జాబితా చేతికొచ్చాక, అందులో పేరు లేకపోవడం వేరు, తటస్థం అని ఉండటం వేరు. తటస్థంగా ఉన్న ఎంపీ సభలో కూర్చుని, ఏ వైపూ ఉండనని మీట నొక్కి చెప్పారు. పేరే లేని ఎంపీ గైర్హాజరయ్యారు, లేదా పార్టీతో కలిసి వాకౌట్ చేశారు. జాబితా ఆ తేడా చెప్పదు. ఓటింగ్‌కి ముందు ఆ పార్టీ వాకౌట్ చేసిందా అన్నది చర్చల పాఠంలోనే, రెండు మూడు పేజీలు వెనక్కి వెళ్తే దొరుకుతుంది.

ఇప్పుడు విప్ సంగతి, అంటే ఎలా ఓటెయ్యాలో పార్టీ తన సభ్యులకిచ్చే ఆదేశం సంగతి. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగ్‌కి దూరంగా ఉన్నా సభ్యత్వం పోవచ్చు. పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే సరి. అందువల్ల మీ ఎంపీ ఓటు చాలావరకు ఆయన పార్టీ ఓటే. అయినా ఆ ఓటు చూడటం దండగ కాదు. పార్టీ ఓటుని ఎంపీ ఎలా సమర్థించుకున్నారు, అసలు సమర్థించుకున్నారా అన్నది చూడాలి.

మహిళా రిజర్వేషన్ల బిల్లు దీనికి మంచి ఉదాహరణ. 2023 సెప్టెంబర్ 20న లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరే వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ. ఓబీసీ, ముస్లిం మహిళలకి ఉపకోటా లేదన్నది ఆయన చెప్పిన కారణం. ఆ వాదన మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. ఓటూ ఉంది, కారణమూ ఉంది, రెండూ సభ రికార్డులో ఉన్నాయి. అనుకూలంగా ఓటేసిన 454 మందిలో మీ ఎంపీ ఉంటే, రిజర్వేషన్ల అమలుని జనగణన, నియోజకవర్గాల పునర్విభజనతో ముడిపెట్టడం మీద ఆయన ఏమన్నారో వెతకండి. మన ఎంపీలను అడగాల్సిన అసలు ప్రశ్నలు ఇలాంటి చోట్లే దొరుకుతాయి.

ఒక్క ఓటుకి ఏం విలువ అనేవాళ్లకి 1999 ఏప్రిల్ 17 గుర్తుచెయ్యాలి. వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో, ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ రోజు స్పీకర్ స్థానంలో ఉన్నది మన అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి.

3. ప్రశ్నలు: ఎంపీ సొంత శ్రద్ధ కనిపించే చోటు

నన్నడిగితే, సమయం తక్కువగా ఉన్నవాళ్లు ఓట్ల జాబితా కంటే ముందు ప్రశ్నల జాబితా చూడాలి. ఏ ప్రశ్న అడగాలో విప్ చెప్పదు.

ప్రశ్నలు ప్రధానంగా రెండు రకాలు. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకి మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. గుర్తు లేని ప్రశ్నకి రాతపూర్వక జవాబు మాత్రమే. లోక్‌సభలో రోజుకి నక్షత్ర ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230. ఒక సభ్యుడికి ఒక రోజులో ఐదు ప్రశ్నలకి మించి రావు, అందులో నక్షత్ర గుర్తుది ఒక్కటే. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, ఏవి ముందుకొస్తాయో లాటరీ తేలుస్తుంది. కాబట్టి నక్షత్ర ప్రశ్న రావడంలో అదృష్టం పాలు కూడా ఉంది. తక్కువ వచ్చాయని ఎంపీని తప్పుపట్టకండి.

సంఖ్య చూసి మురిసిపోవడమూ మంచిది కాదు. ఒకే ప్రశ్న కింద నలుగురైదుగురు ఎంపీల పేర్లు కలిపేసి ఉండటం మామూలే. "ఫలానా పథకం కింద రాష్ట్రాలవారీగా ఇచ్చిన నిధుల వివరాలు" లాంటి ప్రశ్నలు ఎన్ని ఉన్నా అవి ఎంపీ కష్టాన్ని చూపించవు. ప్రశ్నలు తయారుచేసేది చాలాసార్లు సహాయకులే. అదేం తప్పు కాదు. ఏ విషయం పట్టుకోవాలన్న నిర్ణయం ఎంపీది. అందుకని ఒక ఏడాది ప్రశ్నలన్నీ దింపుకుని, మీ నియోజకవర్గం పేరో, జిల్లా పేరో, ఊరి పేరో ఉన్నవి ఎన్ని, ఒకే సమస్య మీద మళ్లీ మళ్లీ అడిగినవి ఎన్ని అని చూడండి. మిర్చి ధర మీదో, ఆగిపోయిన రైల్వే లైను మీదో మూడు సమావేశాల్లో వెంటపడి అడిగిన ఎంపీ, ముప్ఫై శాఖల మీద ఒక్కో ప్రశ్న వేసిన ఎంపీ కంటే ఎక్కువ పనిచేసినట్టు.

ప్రశ్నని దగ్గరగా చూస్తే దాని కూర్పు ఇలా ఉంటుంది. ఇది నేను రాసిన నమూనా:

"రైల్వే శాఖ మంత్రి దయచేసి తెలియజేయగలరా:
(అ) ఫలానా స్టేషన్ల మధ్య ఉన్న లెవెల్ క్రాసింగ్ దగ్గర రోడ్డు ఓవర్ బ్రిడ్జి మంజూరైందా;
(ఆ) అయితే ఏ సంవత్సరంలో, ఎంత అంచనాతో, ఇప్పటివరకు అయిన ఖర్చు ఎంత;
(ఇ) పని ఆలస్యానికి కారణాలేమిటి, రాష్ట్ర ప్రభుత్వ వాటా విడుదలైందా;
(ఈ) పని ఎప్పటికి పూర్తవుతుంది?"

జవాబు వచ్చాక ఈ అక్షరాల వెంటే చదవాలి. జవాబులో (అ)కి విడిగా, (ఆ)కి విడిగా చెప్పి ఉంటే అది సరైన జవాబు. "(అ) నుంచి (ఈ) వరకు" అని నాలుగూ కలిపేసి ఒకే పేరా ఇచ్చారంటే, అందులో ఏదో ఒకటి జారిపోయి ఉంటుంది. ఎక్కువసార్లు జారేది గడువు అడిగిన చివరి భాగమే. మీ ఎంపీ నిజంగా పట్టించుకుంటున్నారా లేదా అన్నది తర్వాతి సమావేశంలో ఆ జారిన ముక్కనే పట్టుకుని మళ్లీ అడిగారా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. ఏ ర్యాంకింగూ మీకు ఈ సంగతి చెప్పదు. రెండు జవాబులు పక్కపక్కన పెట్టుకుని చదివితే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ప్రశ్నలు కాక జీరో అవర్ (అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం) ప్రస్తావనలు, లోక్‌సభలో 377వ నిబంధన కింద లేవనెత్తే అంశాలు, రాజ్యసభలో ప్రత్యేక ప్రస్తావనలు కూడా చూడండి. నియోజకవర్గం సమస్యలు ఎక్కువగా వీటిలోనే వస్తాయి. ఎంపీ తెలుగులో మాట్లాడి ఉంటే పాఠంలో ఇంగ్లిషు అనువాదం ఉంటుంది. అసలు మాట వినాలంటే సంసద్ టీవీ యూట్యూబ్ ఛానల్‌లో ఆ తేదీ వీడియో చూడొచ్చు.

ప్రైవేటు మెంబరు బిల్లుల గురించి ఒక్క మాట. మంత్రి కాని ఏ ఎంపీ అయినా పెట్టొచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటివి చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. కాబట్టి అది చట్టమవుతుందా అని చూడకుండా, ఎంపీకి ఏ విషయం మీద సొంత ఆలోచన ఉందో తెలుసుకోవడానికి చదవండి.

4. హాజరు, కమిటీలు

హాజరు అంటే ఆ రోజు పట్టీలో నమోదు చేసుకున్నట్టు. ఉదయం వచ్చి నమోదు చేసుకుని వెళ్లిపోయినా హాజరే. మరీ తక్కువగా, సగం కంటే కింద ఉంటే కారణం అడగండి. 85కీ 92కీ తేడా పట్టించుకోకండి.

అసలు శ్రమ జరిగేది కమిటీల్లో. శాఖలవారీ స్థాయీ సంఘాలు 24, ఒక్కోదాంట్లో 31 మంది సభ్యులు. సమావేశాలు కెమెరాల ముందు జరగవు, నివేదికలు మాత్రం బయటికొస్తాయి. నివేదిక చివర సమావేశాల మినిట్స్ జతచేస్తారు, ఎవరు హాజరయ్యారో అందులో పేర్లుంటాయి. ఎవరైనా సిఫారసులతో విభేదిస్తే అసమ్మతి నోటు కూడా ఉంటుంది. వ్యవసాయ కమిటీలో ఉన్న ఎంపీ ఆ కమిటీకే వెళ్లకుండా సభ బయట రైతుల గురించి మాట్లాడుతుంటే, అడగాల్సింది ఆ మినిట్స్ చేతిలో పెట్టుకునే.

5. నిధుల లెక్క

ఎంపీ ల్యాడ్స్, అంటే స్థానిక అభివృద్ధి పనుల కోసం ఎంపీలకి కేటాయించే నిధుల పథకం కింద ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. కోవిడ్ సమయంలో 2020 ఏప్రిల్ నుంచి ఈ పథకాన్ని ఆపేసి, 2021 నవంబర్‌లో మళ్లీ మొదలుపెట్టారు, కాబట్టి ఆ ఏళ్ల లెక్క తక్కువ ఉంటే ఎంపీ తప్పు కాదు. డబ్బు ఎంపీ చేతికి రాదు. ఎంపీ పనిని సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేసి చేయిస్తుంది.

అందుకే మూడు అంకెలు విడివిడిగా అడగాలి: సిఫారసు చేసినవెన్ని, మంజూరైనవెన్ని, పూర్తయినవెన్ని. "అన్ని కోట్లతో ఇన్ని పనులు" అని కరపత్రంలో వేసేది చాలాసార్లు మొదటి అంకె. ఎంపీ ల్యాడ్స్ పోర్టల్‌లో కొంత దొరుకుతుంది. మండలంవారీగా కావాలంటే జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. దరఖాస్తులో "పూర్తి వివరాలు ఇవ్వగలరు" అని రాయకండి. "ఫలానా ఆర్థిక సంవత్సరంలో ఫలానా మండలంలో సిఫారసు చేసిన పనుల పేరు, అంచనా, మంజూరు తేదీ, పూర్తయిన తేదీ" అని గళ్లు గీసినట్టు అడగండి.

6. ఎంపీ చెప్పుకునేదాన్ని రికార్డుతో సరిచూడటం

పేపర్లో వార్త, ఫేస్‌బుక్ పోస్టు, రీలు, ప్రెస్‌మీట్. వీటిలో ఎక్కువగా కనిపించే మాట "పార్లమెంటులో గళమెత్తారు". ఆ మాట వినగానే ఎప్పుడు, ఏ రూపంలో అని అడగండి. చర్చలో మాట్లాడారా, జీరో అవరా, 377 కింద చదివారా, లేక చదవకుండా పాఠం మాత్రం సభకి సమర్పించారా, ప్రశ్నా? వీటన్నిటికీ తేదీ ఉంటుంది, పాఠం ఉంటుంది.

మంత్రికి శాలువా కప్పి, వినతిపత్రం చేతికిస్తూ దిగిన ఫొటో సభ రికార్డు కాదు. అలాగని దాన్ని తీసిపారెయ్యడమూ సరికాదు. ఒక రైలు మీ ఊళ్లో ఆగేది చాలాసార్లు అలాంటి వినతిపత్రాల వల్లే. కానీ ఆ కాగితం కాపీ ఎంపీ కార్యాలయంలో ఉండాలి, దానికి మంత్రిత్వ శాఖ నుంచి జవాబు రావాలి. ఎంపీల ఉత్తరాలు అందినట్టు 15 రోజుల్లో తెలియజేసి, ఆ తర్వాత 15 రోజుల్లో జవాబివ్వాలని కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకి నిబంధన ఉంది. ఫొటో దిగి ఆరు నెలలైతే, ఆ లేఖ నంబరు, తేదీ, వచ్చిన జవాబు చూపించమని మర్యాదగా అడగండి.

వీడియో ముక్కల విషయంలో ఇంకా జాగ్రత్త. అభిమానులు కత్తిరించేదీ, ప్రత్యర్థులు కత్తిరించేదీ ఇరవై సెకన్లే. ముందు ఏ ప్రశ్నకి జవాబుగా అన్నారో, తర్వాత ఏమన్నారో పూర్తి పాఠంలో చూడకుండా ముందుకి పంపకండి.

7. ఉత్తరం రాయడం

ముందు మీ పని ఎంపీదా కాదా అన్నది చూసుకోండి. రైల్వే, జాతీయ రహదారులు, పాస్‌పోర్టు, పీఎఫ్, తపాలా, ప్రభుత్వరంగ బ్యాంకులు, విమానాశ్రయాలు కేంద్రానివి. రేషన్ కార్డు, రాష్ట్ర పింఛను, పోలీసు స్టేషన్, ఊళ్లో మురుగు కాలువ రాష్ట్రానివి, స్థానిక సంస్థలవి. అవి ఎంపీకి రాస్తే ఎమ్మెల్యేకి పంపుతారు, మీకు నెల వృథా. కేంద్రీయ విద్యాలయంలో సీటు ఇప్పించమని ఇప్పటికీ చాలామంది ఎంపీల చుట్టూ తిరుగుతున్నారు. ఎంపీ కోటా 2022లోనే రద్దయింది. పాపం, పిల్లల చదువు టెన్షన్‌తో తిరిగేవాళ్లకి ఆ సంగతి కార్యాలయాల్లో మొదటి రోజే చెప్పి పంపాలి.

ఉత్తరాన్ని ముందు చదివేది ఎంపీ కాదు, పీఏ. ఆయనకి అర నిమిషంలో అర్థం కావాలి. ఒక ఉత్తరంలో ఒక్కటే విషయం రాయండి. మీ ఊరు, మండలం మొదటి వాక్యంలోనే ఉండాలి, ఓటరని తెలియాలి. ఏం కావాలో రెండో పేరాలో తేల్చి చెప్పండి. "తగు చర్య తీసుకోగలరు" అంటే ఎవరికీ ఏ చర్యో తెలియదు. "వచ్చే సమావేశంలో రైల్వే మంత్రిని ఈ ప్రశ్న అడగండి" అంటే తెలుస్తుంది. ప్రశ్న ముసాయిదా మీరే రాసి జతచేస్తే ఇంకా మంచిది. 150 పదాలు దాటకూడదు, అభిప్రాయం అడగకూడదు, రాష్ట్ర ప్రభుత్వం చూసే విషయమై ఉండకూడదు. పైన రాసిన ఓవర్ బ్రిడ్జి నమూనా వాడుకోండి.

ఎప్పుడు పంపాలన్నదీ ముఖ్యమే. సాధారణంగా ఏడాదికి మూడు సమావేశాలు: బడ్జెట్, వర్షాకాలం, శీతాకాలం. నోటీసుకి 15 రోజుల గడువుంది కాబట్టి మీ ముసాయిదా అంతకంటే ముందే కార్యాలయానికి చేరాలి. జనవరి మొదట్లో, జూన్ చివర్లో, నవంబర్ మొదట్లో పంపితే సరిపోతుంది. సమావేశాలు నడుస్తుండగా పంపిన ఉత్తరం ఫైల్లో పడుతుంది.

ఓటు గురించి అడిగే ఉత్తరం మరికొంచెం జాగ్రత్తగా రాయాలి. ఎంపీని దోషిగా నిలబెట్టే ధోరణిలో రాస్తే జవాబు రాదు, రావాలనుకోవడమూ న్యాయం కాదు. ఇలా రాయొచ్చు:

"గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులు ఫలానా గారికి నమస్కారం. మాది మీ నియోజకవర్గంలోని ఫలానా మండలం, ఫలానా గ్రామం. ఫలానా తేదీన లోక్‌సభలో పాసైన ఫలానా బిల్లు గురించి రాస్తున్నాను. దానిలోని 7వ క్లాజు వల్ల మా ఊళ్లో కౌలు రైతులకి పరిహారం అందదేమోనని భయంగా ఉంది. బిల్లు మూజువాణి ఓటుతో పాసైంది కాబట్టి సభ్యుల ఓట్లు రికార్డులో లేవు. ఆ రోజు మీరు సభలో ఉన్నారా? బిల్లుని సమర్థించారా, వ్యతిరేకించారా? ఈ క్లాజు మీద మీ అభిప్రాయం ఏమిటి? దయచేసి రాతపూర్వకంగా తెలియజేయగలరు. మీ జవాబుని మా రైతు సంఘం సమావేశంలో చదివి వినిపిస్తాం."

ఇందులో చివరి వాక్యం చాలా ముఖ్యం. జవాబుకి వినేవాళ్లున్నారని ఎంపీకి తెలుస్తుంది. సభ నమోదు చెయ్యని ఓటుకి ఎంపీ సంతకంతో వచ్చిన ఆ కాగితమే రికార్డు అవుతుంది. డివిజన్ జరిగిన బిల్లయితే "మీరు అనుకూలంగా ఓటేసినట్టు చర్చల పాఠంలో చూశాను" అని తేదీతో సహా రాయండి. చదివి రాశారని తెలిసిన ఉత్తరానికి జవాబు రాసే తీరు వేరుగా ఉంటుంది.

ఎంపీ ఢిల్లీ చిరునామా, స్థానిక చిరునామా, ఈమెయిల్ డిజిటల్ సంసద్‌లో ఆయన పేజీలో ఉంటాయి. ఈమెయిల్‌తో పాటు నియోజకవర్గ కార్యాలయంలో కాగితం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఫేస్‌బుక్ కామెంటు ఉత్తరం కిందికి రాదు. ఆధార్, బ్యాంకు కాగితాల ఫొటోలు మాత్రం అలాంటి కామెంట్లలో ఎప్పుడూ పెట్టకండి, ఎంత అవసరంలో ఉన్నా సరే.

8. జవాబు రాకపోతే, వచ్చింది చాలకపోతే

నెల చూసి, పాత ఉత్తరం కాపీ జతచేసి రెండోసారి రాయండి. ఈసారి ఒక్కరుగా కాకుండా గ్రామ సంఘమో, కాలనీ సంఘమో, మహిళా సంఘమో సంతకాలు పెట్టి పంపితే బరువుంటుంది. సంతకాల సంఖ్య కంటే ఊళ్ల సంఖ్య ఎక్కువ పనిచేస్తుంది. నాలుగు మండలాల నుంచి ఒకే విషయం మీద నాలుగు ఉత్తరాలు వస్తే కార్యాలయం లెక్కలోకి తీసుకుంటుంది.

కేంద్ర పథకాల అమలు గురించైతే జిల్లా దిశ కమిటీ ఉంది. దానికి అధ్యక్షత వహించేది లోక్‌సభ ఎంపీయే, మూడు నెలలకోసారి సమావేశం కావాలి. గత ఏడాదిలో ఎన్నిసార్లు జరిగింది, మినిట్స్ ఏమిటి అని కలెక్టరేట్‌లో అడగండి. అధికారులంతా ఎదురుగా ఉండే ఆ సమావేశానికి ముందు ఎంపీ చేతికి మీ సమస్య ఒక పేజీలో అందితే, అక్కడికక్కడే సంబంధిత అధికారిని నిలదీసే వీలుంటుంది. జీరో అవర్‌లో రెండు నిమిషాలు మాట్లాడటం కంటే ఇది ఎక్కువ ఫలితమిచ్చే సందర్భాలున్నాయి, అయినా దీన్ని అడిగేవాళ్లు తక్కువ.

ఎంపీ ప్రశ్న వేశారు, మంత్రి జవాబిచ్చారు, ఆ జవాబులో "విషయం పరిశీలనలో ఉంది" అనో, "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం" అనో ఉంది. చాలామంది ఇక పని అవ్వదనుకుని ఆ కాగితం పక్కన పడేస్తారు. పడెయ్యకండి. ఇలాంటి మాటలను పార్లమెంటు హామీలుగా లెక్కవేస్తుంది. హామీల అమలు చూడటానికి రెండు సభల్లోనూ ప్రభుత్వ హామీల కమిటీలున్నాయి. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని కమిటీని అడగాలి. కాబట్టి ఆ జవాబు తేదీ, ప్రశ్న నంబరు రాసిపెట్టుకోండి. మూడు నెలలు నిండాక ఎంపీకి ఇంకో చిన్న ఉత్తరం రాయండి: ఫలానా తేదీన ఫలానా నంబరు ప్రశ్నకి మంత్రి ఇచ్చిన జవాబుని హామీగా నమోదు చేశారా, చేసి ఉంటే అది నెరవేరిందా, గడువు పెంచమని మంత్రిత్వ శాఖ అడిగిందా, చెయ్యకపోతే హామీల కమిటీకి మీరు రాస్తారా?